మూల గడిలో ఏనుగు

చంద్రగిరి కోట గోడ కింద మునస్వామి అయ్యవారి శవం దొరికింది. గొంతు కోసి ఉంది. పల్లె బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. జేబులో వారపత్రిక కత్తిరింపు. అందులో ఆయన కట్టిన చదరంగం సమస్య. నాలుగే పావులు: ఇద్దరు రాజులు, తెల్ల బంటు, నల్ల బంటు.

చీఫ్ బాలసుబ్రమణ్యం బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"విదేశీ ముఠా ఆర్డర్లు ఈ సమస్యల్లోనే వెళ్తాయి. ఎన్ని ఎత్తుల్లో ఆటకట్టయితే అన్ని గంటలకు హత్య. చెప్పింది మన డబుల్ ఏజెంట్ వసంత. ఎక్స్‌పర్టులు నాలుగెత్తులన్నారు. రేపు సాయంత్రం నాలుగు. టార్గెట్ రాకెట్ ఇంజనీర్ దొరస్వామి. తిరుచానూరు లాడ్జి."

"అయ్యవారికి తెలుసా?" అడిగాడు ఏజెంట్ తులసీరాం.

"తెలీదు. అచ్చులో పేరు చూసుకుని మురిసిపోయేవాడు. పనైపోయింది, కోసేశారు."

తులసీరాం గుండు గీయించుకుని, గంధం పూసుకుని, యాత్రికుడిలా లాడ్జిలో దిగాడు. పక్క గదిలో ఇంజనీర్. కాపలాకు వసంత కూడా వచ్చింది. పట్టుచీర, సెంటు. వార్తలు వినమని ఇంజనీర్‌కు తన ట్రాన్సిస్టర్ ఇచ్చింది.

నాలుగు దాటింది. ఐదున్నర దాటింది. ఏమీ జరగలేదు. చీఫ్ వైర్‌లెస్‌లో గార్డులను వెనక్కి పిలిచాడు.

"ముఠా భయపడింది. నేను మద్రాసు బస్సుకు వెళ్తాను," అంది వసంత.

"చెస్ క్లబ్బు చాంపియన్‌వంట కదా. ఇది చూసి పోదువులే."

పాకెట్ చెస్ మీద తులసీరాం అయ్యవారి సమస్యనే పేర్చాడు. మిగిలిన పావులు ఆమె ముందు పోశాడు. తెల్ల బంటును మూల గడికి తోసి, మాట్లాడకుండా చెయ్యి చాచాడు.

వసంత వాచీ చూసుకుంటూ ఒక పావు అందించింది.

ఏనుగు.

క్లబ్బు ఆటలో చివరి గడి చేరిన బంటుకు ఎవరైనా మంత్రినే ఇస్తారు. పల్లె అరుగుల మీద అలా కాదు. ఆ గడిలో మొదట ఏ పావు ఉంటుందో బంటు అదే అవుతుంది. మూల గడి ఏనుగుది. తులసీరాం కూడా అరుగు మీదే నేర్చుకున్నాడు.

"ఏనుగైతే ఆరెత్తులు. అంటే ఆరు గంటలకు," అన్నాడు. "నువ్వు అయ్యవారి దగ్గర నేర్చినదానివే."

ఐదూ యాభై ఆరు. ఇంజనీర్‌ను వీధిలోకి తోసి, ఆమె ఇచ్చిన ట్రాన్సిస్టర్ తెచ్చి, బేడీతో ఆమె చేతికి తగిలించాడు. కుర్చీ లాక్కుని బీడీ వెలిగించాడు.

"బాంబు పేలేదానికి మూడు నిమిషాలుండాయి. ఆపేది నీకే తెలుసు."

వసంత క్లబ్బు భాష పోయింది. "నువ్వూ సస్తావు గదప్పా!"

"నాకు ఏడ్సేవాళ్లు లేరు. నువ్వు సూసుకో."

"ఆపితే వదిలేస్తావా?"

"ఈ గుండు మీద ఒట్టు."

ఆమె గోళ్లతో వెనక మూత పీకింది. రెండు గోళ్లు ఊడాయి. వైరు తెంపింది. ఆరుకు రెండు సెకన్లు.

"ఇంక వదులప్పా."

అతను బేడీ రెండో కొస ట్రాన్సిస్టర్ నుంచి విప్పి తన చేతికి వేసుకుని ఆమెను మెట్ల మీద ఈడ్చాడు.

"ఒట్టేసినావు గదరా!"

"అయ్యవారి గొంతు కోసిందెవరు?"

ఆమె రెండో చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుంది.

"అడిగిన పావు ఇచ్చేది క్లబ్బు ఆట మ్మే," అన్నాడు తులసీరాం. "మనది అరుగు ఆట. చేరిన గడికి ఏది రాసుంటే అదే."