పన్నెండో ఆకు

హాజరు యంత్రం ఎప్పటిలాగే "పన్నెండు" అంది. కాకినాడలోని ఆ బాలబడిలో ఎవరూ రాకపోవడమన్నది లేదు. ఊరంతా అంతే. జ్వరమొచ్చిన గుమాస్తా ఇంట్లో పడుకుంటే వెలుగుతో అల్లిన అతని నీడరూపు ఆఫీసులో కూర్చుంటుంది, కాలు విరిగిన మేనమామ నీడరూపు పెళ్లిలో నవ్వుతూ నిలబడుతుంది. "రాలేదు" అన్న మాటే జనం మరిచిపోయారు.

హిమజ ఆశ్వయుజంలో విషజ్వరంతో పోయింది. "ఏడాది పూర్తయ్యేదాకా దాన్ని బడికి రానివ్వండి టీచరుగారూ, పిల్లలకి చెప్పకండి," అని తల్లి నీలవేణి చేతులు పట్టుకుంటే, అమృతవల్లి టీచరు కాదనలేకపోయింది. అప్పట్నుంచి హిమజ నీడరూపు రోజూ వచ్చి తన చాప మీద కూర్చుంటోంది.

లెక్కలకు వెలుగుపూసలున్నాయి. వాటిని నీడరూపులూ జరపగలవు. కానీ ఈ మాఘంలో ఆవరణలోని బాదంచెట్టు ఆకులు ఎర్రబడి రాలుతుంటే అమృతవల్లికి ఉత్సాహం ఆగలేదు. హాజరు చూసి, సరిగ్గా పన్నెండు ఆకులు ఏరి, కొంగులో వేసుకొచ్చింది. పాపం, అక్కడే పొరబడింది.

"తలా ఒకటి పంచమ్మా జోషితా! ఎంతమందిమో అన్ని ఆకులు. ఒక్కటీ మిగలకూడదు."

జోషిత వరసగా పంచుకుంటూ వచ్చింది. హిమజ చెయ్యి చాపింది. ఆకు అరచేతిలోంచి జారి చాప మీద పడింది. జోషిత తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. హిమజ మాత్రం నవ్వుతూనే ఉంది.

జోషిత ఆకులున్న చేతులన్నీ వేలితో లెక్కపెట్టింది. "టీచర్‌గారండీ, మనం పదకొండుమందిమేనండి. ఒకటి మిగిలిపోయిందండి."

ఆకు జారుడుగా ఉందని చెబితే సరిపోయేది. నీలవేణికిచ్చిన మాటా నిలిచేది. కానీ అంత కష్టపడి సరిగ్గా లెక్కపెట్టిన పిల్లతో, లెక్క తప్పని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"అవునమ్మా. పదకొండే."

"మరి అసలు హిమజ ఎప్పుడొస్తుందండీ?"

"రాదమ్మా," అంది అమృతవల్లి.

సాయంత్రం బడి వదిలే వేళకు నీలవేణి గేటు దగ్గరికి వచ్చి, రోజూలాగే కూతురి కోసం చెయ్యి చాపింది. ఆ చేతిలో జోషిత ఎర్రటి ఆకు పెట్టింది.

"ఆంటీ, ఇది హిమజదండి. మిగిలిపోయింది."

నీలవేణి ఆకు వంక చూసింది. నాలుగు నెలలుగా ఏడవని మనిషి మెట్ల మీద కూలబడి భోరుమంది. అమృతవల్లి పక్కనే కూర్చుని, "మాట తప్పానమ్మా, క్షమించు," అంది.

చాలాసేపటికి నీలవేణి కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపట్నుంచి పదకొండే పెట్టండి టీచరుగారూ."

అమృతవల్లి లోపలికి వెళ్లి హాజరు యంత్రం ముందు నిలబడింది. గేటు దగ్గర హిమజ, "అమ్మా, ఇంటికెళ్దామా?" అని అడుగుతూనే ఉంది. ఆ నీడరూపును ఆపేసే మీట నొక్కడానికి అమృతవల్లికి చెయ్యాడలేదు.