ఆరు సీసాల మట్టి

2012 ఏప్రిల్ 17, మంగళవారం. మధ్యాహ్నం 2:10.

మూతపడ్డ మందుల ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర వాచ్‌మన్ పెంటయ్యను టిప్పర్ గుద్దింది.

టిప్పర్ ఆగలేదు. నంబర్ ప్లేటు మీద మట్టి మెత్తి ఉంది.

2:14. క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజర్ జగదీశ్ పెంటయ్యను తన తెల్ల బొలెరోలో పడుకోబెట్టాడు. పెంటయ్య భార్య అనంతమ్మ డోర్ పట్టుకుంది. జగదీశ్ ఆమె వేళ్లు విడదీసి డోర్ వేశాడు.

ఏ ఆస్పత్రికో చెప్పలేదు.

2:20. మట్టి పరీక్షల ల్యాబ్ జీపు అదే గేటు దాటింది.

స్టీరింగ్ ముందు డ్రైవర్ మల్లేశ్వర్. వెనక సీట్లో అనంతమ్మ. ముందు సీట్లో కెమిస్టు మాధవీలత. ఆమె ఒళ్లో ఐస్ బాక్స్.

"శంషాబాద్ దవాఖానకు పో. అదే దగ్గర," మాధవీలత అంది.

హైవే ఎక్కే చోట మల్లేశ్వర్ బ్రేక్ కొడతాడు.

"మేడం... బొలెరో అటు పోలే. గటు చూడుండ్రి."

తెల్ల బొలెరో. షాద్‌నగర్ వైపు పోతోంది.

శంషాబాద్ ఆరు కిలోమీటర్లు. షాద్‌నగర్ ఇరవై పైనే.

"పట్టు!"

జీపు తిరుగుతుంది. అనంతమ్మ తల రాడ్‌కు తగులుతుంది. ఆమె తల పట్టుకోదు. ముందు సీటు పట్టుకుంటుంది.

"బిడ్డా, దగ్గరున్న దవాఖాన ఇడిసిపెట్టి గటెందుకు తోల్కపోతుండ్రు?"

మాధవీలత ఐస్ బాక్స్ వైపు చూస్తుంది. ఆమె దగ్గర జవాబు ఉంది. అనంతమ్మకు చెప్పే జవాబు కాదది.

పద్నాలుగు ఎకరాల ఫ్యాక్టరీ స్థలం. ఇరవై ఏళ్లు రసాయనాలు ఇంకిన నేల. అక్కడ ఇళ్ల ప్లాట్లు వేయాలి. వేయాలంటే నాలుగు అడుగుల లోతు మట్టి మొత్తం తీసి, విషపు చెత్త యార్డుకు పంపి, మంచి మట్టి నింపాలి. ఆ పని జగదీశ్ కంపెనీది. పని అయిందో లేదో ఇరవై నాలుగు చోట్ల మట్టి తీసి చూడాలి. ఆ పని మాధవీలతది.

ఎక్కడెక్కడ తీయాలో ఫిబ్రవరిలో గుర్తించారు. గుంజలు పాతి, కొలతలు రాసుకుని, సాయంత్రానికి పీకేశారు. ఆ మ్యాపు ల్యాబ్ దాటి బయటికి పోకూడదు.

ఈ రోజు పదకొండు గంటలకు పెంటయ్య ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. చుట్ట వెలిగించాడు.

"మేడం, ఒక్క ముచ్చట. మీరు అప్పుడు గుంజలు పాతిన కాడనే ప్రొక్లెయిన్ తోడింది. నడుమ జాగ ముట్టనే లే."

మాధవీలత ఆరు గుంజల చోట్ల నుంచి పది అడుగులు తూర్పుకు జరిగింది. తవ్వించింది.

ఆరు చోట్లా మట్టి నల్లగా వచ్చింది. వాసన వచ్చింది.

ఆరు సీసాలు నింపింది. ఒళ్లో ఉన్నవి అవే. ప్రతి సీసాతో పాటు ఒక ఫారం. దాని మీద ఇద్దరి గుర్తులుండాలి. తీసినవాళ్ల సంతకం... చూసిన ఊరిమనిషి సంతకం, లేదా వేలిముద్ర. మొదటి ఇరవై నాలుగింటి మీద పెంటయ్య వేలు వేశాడు. ఈ ఆరింటి మీద వేసేలోపు గేటు దగ్గర హారన్ మోగింది. తెరవడానికి పోయాడు.

ఆ వేలిముద్ర లేకపోతే ఇది ఎక్కడి మట్టో ఎవరైనా అడగొచ్చు.

ఆ కొలతలు జగదీశ్ కంపెనీకి ఎవరో ఇచ్చారు. అవి తెలిసింది ముగ్గురికే. గుంజలు పాతించిన మాధవీలత. మ్యాపు బీరువాలో పెట్టిన ల్యాబ్ హెడ్ రాఘవేందర్. గుంజలు జీపులో మోసిన మల్లేశ్వర్.

మల్లేశ్వర్ ఫోన్ మోగుతుంది.

అతను చూస్తాడు. కట్ చేస్తాడు.

"ఎవరు?"

"ఎవల్లేరు మేడం. లోన్ కావాల్నా అని అడుగుతరు గదా, గా పోరిలు."

మళ్లీ మోగుతుంది. మళ్లీ కట్!

మాధవీలత ఐస్ బాక్స్‌ను డోర్ వైపు జరుపుకుంటుంది.

2:46. పెట్రోల్ బంకు. తెల్ల బొలెరో ఆగి ఉంది.

జీపు ఆగకముందే అనంతమ్మ దూకుతుంది. బొలెరో డోర్ లాగుతుంది.

లోపల ఎవరూ లేరు!

సీటు మీద రక్తం. కింద ఒక చెప్పు.

జగదీశ్ బంకు గది నీడలో నిలబడి ఉన్నాడు. చేతిలో వాటర్ ప్యాకెట్.

"మా ఆయన ఏడిరా?" అనంతమ్మ అతని కాలర్ పట్టుకుంటుంది.

"ఇడువు అక్కా... అంబులెన్స్‌ల ఎక్కించిన. ప్రైవేటుది. సిటీకి పోయింది. మంచి చేస్తే గల్లా పడ్తరా?"

"సిటీకి పంపేవాడివి ఇటెందుకు తెచ్చావు?" మాధవీలత అడుగుతుంది.

"పరేషాన్‌ల తోవ తప్పిన మేడం."

"నాలుగేళ్ల నుంచి ఈ రోడ్డు మీదే తిరుగుతున్నావు."

జగదీశ్ ప్యాకెట్ కొసను కొరుకుతాడు. చూపు జీపు ముందు సీటు మీద ఉంది. ఐస్ బాక్స్ మీద.

"గా డబ్బా బరువున్నట్టుంది మేడం. నా బండిల పెట్టుండ్రి. ల్యాబుల దింపుత."

మాధవీలత అనంతమ్మను లాక్కుని జీపు ఎక్కుతుంది.

2:55. జీపు బంకు దాటుతుండగా ఆమె రాఘవేందర్‌కు ఫోన్ చేస్తుంది. పదకొండేళ్లుగా ఆమె బాస్. పని నేర్పింది ఆయనే. అంతా చెబుతుంది. ఆరు సీసాలు. నల్ల మట్టి. టిప్పర్.

"ఫారాల మీద వేలిముద్ర పడిందా?" రాఘవేందర్ అడుగుతాడు.

"లేదు సార్. పెంటయ్య దొరికితేనే."

"కంగారు పడకు. అతను ఎక్కడున్నాడో నేను కనుక్కుంటాను. నువ్వు బాక్స్ జాగ్రత్త. ఎవరికీ ఇవ్వకు. డ్రైవర్‌కి కూడా."

డ్రైవర్‌కి కూడా...

ఆమె పక్కకు చూస్తుంది. మల్లేశ్వర్ అద్దంలోకి చూస్తున్నాడు. చెమట పట్టి ఉంది.

"మేడం, గట్టిగ పట్టుకోండ్రి."

"ఏమైంది?"

"వెనక..."

టిప్పర్. నంబర్ ప్లేటు మీద మట్టి!

గుద్దుతుంది!

జీపు రోడ్డు దిగుతుంది. ఐస్ బాక్స్ మూత ఊడుతుంది. ఐసు ముక్కలు కాళ్ల మీద పడతాయి. ఒక సీసా డ్యాష్‌బోర్డుకు తగిలి పగులుతుంది.

వాసన!

మల్లేశ్వర్ ముక్కు మూసుకోడు. రెండు చేతులతో స్టీరింగ్ తిప్పుతాడు. జీపు కంకర మీద జారుతుంది. ఎడమ వైపు మట్టి దారి. గోదాముల గోడ. ఆ చివర రైలు కట్ట. కట్ట కింద చిన్న బ్రిడ్జి.

"ఇందులో జీపు పట్టుతుందా?"

"మనం పట్టుతం. వాడు పట్టడు."

జీపు దూరుతుంది. పైన రేకు గీసుకుపోతుంది.

వెనక బ్రేకుల చప్పుడు. తర్వాత ఇనుము కాంక్రీటును గుద్దిన చప్పుడు.

టిప్పర్ రాదు.

జీపు మళ్లీ రోడ్డెక్కుతుంది. అనంతమ్మ వంగి, పగిలిన సీసా మట్టిని చీర కొంగు మీదికి తీస్తుంది. వాసన చూస్తుంది.

"ఇది మా బోరు నీళ్ల వాసన బిడ్డా."

"ఎప్పటి నుంచి?"

"మస్తు దినాలాయె. మా మనుమరాలికి ఒళ్లంత పొక్కులు. నూట ఇరవై ఇండ్లు గవే నీళ్లు తాగుతయి. ఇగ సాఫ్ చేస్తరంట, మంచిగైతయంట అని మా ఆయనే అందరికి చెప్పిండు."

మాధవీలత మిగిలిన ఐదు సీసాలను ఐసులో సర్దుతుంది. బ్యాగు తెరిచి చూస్తుంది. ఫారాలు ఉన్నాయి. ఇంక్ ప్యాడ్ ఉంది.

అనంతమ్మ ఇంక్ ప్యాడ్‌ను చూస్తుంది.

"నీకు మా ఆయన కావాల్నా, మా ఆయన వేలు కావాల్నా?"

మాధవీలత బ్యాగు జిప్ వేస్తుంది.

3:25. రాఘవేందర్ ఫోన్.

"దొరికాడు. అత్తాపూర్‌కి తీసుకొస్తున్నారు. ప్రైవేటు ఆస్పత్రి. నేను అక్కడికే పోతున్నాను. మీరూ నేరుగా రండి."

శంషాబాద్. ఎయిర్‌పోర్టు మలుపు. క్యాబులు. లారీలు. 3:50కి ఆరాంఘర్ చౌరస్తా. జీపు కదలదు. ఎదురుగా ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఖాళీగా ఉంది.

మల్లేశ్వర్ ర్యాంపు ఎక్కడు. కింది రోడ్డు మీద లైన్‌లో నిలబడతాడు.

"పైనుంచి పో!"

"పైకెక్కితే మెహదీపట్నం దాక దిగరాదు మేడం. అత్తాపూర్ నడుమనే ఉన్నది. కిందికెళ్లే పోవాలె."

నిజమే. ఆమెకూ తెలుసు. అయినా అతని ముఖం చూస్తుంది.

ఫోన్ మోగుతుంది. కట్. మోగుతుంది. కట్.

4:25. మాధవీలత ఫోన్. రాఘవేందర్.

"మాధవీ, పెంటయ్య ఇప్పుడే మాట్లాడాడు. స్పృహలోనే ఉన్నాడు. తొందరపడకండి, నెమ్మదిగా రండి."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అనంతమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. నవ్వుతుంది. ఏడుస్తుంది.

"మాట్లాడిండట! ఏం మాట్లాడి ఉంటడు? చుట్ట అడిగి ఉంటడు ముసలోడు!"

మల్లేశ్వర్ నవ్వడు.

అతని ఫోన్ మళ్లీ మోగుతుంది. ఈసారి మాధవీలత లాక్కుంటుంది.

స్క్రీన్ మీద పేరు: రాఘవేందర్ సార్.

మిస్డ్ కాల్స్ పదకొండు.

"సార్ చేస్తుంటే ఎందుకు ఎత్తడం లేదు?"

మల్లేశ్వర్ అద్దంలో వెనక రోడ్డు చూస్తాడు.

"ఆపు బండి! చెప్పు!"

"ఆపను మేడం. తోలుకుంట చెప్త." అతను రోడ్డు మీది నుంచి చూపు తిప్పడు. "పగటీలి రెండు కాంగ సార్ ఫోన్ చేసిండు. పని ఏడిదాక వచ్చింది అన్నడు. మేడం పక్కకు జరిగి ఇంకో ఆరు గుంతలు తీపిచ్చింది, పెంటయ్య చూపిచ్చిండు అని చెప్పిన. ఉన్నదే చెప్పిన, గంతే."

"తర్వాత?"

"పావుగంట కాలే మేడం. టిప్పరొచ్చింది."

మల్లేశ్వర్ గేరు మారుస్తాడు.

"బంకు కాడ మీరు సార్‌తోని మాట్లాడిండ్రు. ఐదు నిమిషాలల్ల టిప్పర్ మన వెనక పడ్డది. గందుకే ఎత్తుతలేను. ఎత్తితే ఏడున్నవ్ అంటడు."

మాధవీలత తన ఫోన్ చూసుకుంటుంది. రాఘవేందర్‌తో ఈ మధ్యాహ్నం మూడు కాల్స్.

వేలిముద్ర పడలేదని చెప్పింది ఆమే.

"తొందరగా పో మల్లేశ్... పెంటయ్య దగ్గర ఆయన ఒక్కడే ఉన్నాడు!"

4:52. అత్తాపూర్. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ ఎదురుగా ఆస్పత్రి.

రాఘవేందర్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"బాక్స్ ఇటివ్వు మాధవీ."

"పెంటయ్య ఏడీ?"

"సారీ. నాలుగున్నరకు పోయాడు."

అనంతమ్మ మెట్టు మీద కూలబడుతుంది. రాఘవేందర్ ఒక కాగితం తీసి మాధవీలతకు ఇస్తాడు.

"పోయే ముందు ఈ మాట చెప్పాడు. రాసుకున్నాను. ఇది నీ కాపీ."

చేతిరాత రాఘవేందర్‌ది. 'ఆరు సీసాల మట్టి ఫ్యాక్టరీ స్థలంలోది కాదు. బయటి నుంచి తెచ్చారు. నేను చూశాను. పూర్తి స్పృహతో చెబుతున్నాను.' కింద పెంటయ్య ఎడమ బొటనవేలి ముద్ర.

"ఇక ఆ మట్టికి విలువ లేదు," రాఘవేందర్ అంటాడు. "ఇరవై నాలుగింటి రిపోర్ట్ రేపు ఇచ్చేద్దాం. మల్లేశ్, బాక్స్ తీసుకురా."

మల్లేశ్వర్ జీపు డోర్లు లాక్ చేసి, వాటికి ఆనుకుని నిలబడతాడు.

"తాళంచెవి ఏడనో పడ్డది సార్. దేవులాడుతున్న."

మాధవీలత అనంతమ్మను లేపి లోపలికి తీసుకుపోతుంది. క్యాజువాలిటీ. చివరి మంచం. దుప్పటి. బయటికి ఒక చెయ్యి.

బొటనవేలికి నీలం సిరా.

మాధవీలత బ్యాగులో ఉన్నది నల్ల ఇంక్ ప్యాడ్.

"నన్ను చూసినంక పోవద్దా?" అనంతమ్మ ఆ చెయ్యి పట్టుకుంటుంది. వెంటనే వదిలేస్తుంది. "గిదేంది బిడ్డా... గింత సల్లగున్నడు?"

మాధవీలత తన ఫోన్‌లో టైమ్ చూస్తుంది. 4:58.

కౌంటర్ దగ్గర నర్సు శోభ. ఆమె పక్కన యాక్సిడెంట్ కేసు రాసుకోవడానికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ బుచ్చయ్య.

"సిస్టర్, పెంటయ్య ఎంట్రీ చూపించండి."

"మీరేమైతరు?"

"నా పెనిమిటి," వెనక నుంచి అనంతమ్మ అంటుంది. "చూపియ్యమ్మా."

శోభ రిజిస్టర్ ఇటు తిప్పుతుంది.

మాధవీలత కాగితాన్ని రిజిస్టర్ పక్కన పెడుతుంది. రాఘవేందర్ ఏ కాగితం రాసినా ముందు వాచీ చూస్తాడు. కుడి పక్కన పైన టైమ్ వేస్తాడు. తర్వాతే విషయం. ఇరవై ఏళ్ల ల్యాబ్ అలవాటు. ఈ కాగితం మీదా వేశాడు.

సాయంత్రం 4:20.

బుచ్చయ్య కళ్లజోడు పెట్టుకుని కాగితం చదువుతాడు. తర్వాత రిజిస్టర్ మీద వేలు పెట్టి వరుస చదువుతాడు, పైకే.

"పెంటయ్య. వయసు యాభై ఎనిమిది. రోడ్డు ప్రమాదం. తెచ్చేసరికే మరణించాడు. సమయం... మూడు ముప్ఫై అయిదు."