తీయరాని కంకణం

ఎస్సై సూర్యకళకు ఏళ్ళుగా ఒక సందేహం ఉంది.

గోదావరిని తల్లి అంటాం. పుష్కరాలకు మునుగుతాం. కార్తీకంలో దీపాలు వదులుతాం. ఆ తల్లే ఒక్కోసారి ఎవరి బిడ్డనో తీసుకుపోతుంది. తల్లి కదా, ఎందుకు తీసుకుపోతుంది? గుళ్ళో పంతులుగారిని అడిగింది. అత్తగారిని అడిగింది. ఇద్దరూ కర్మ అన్నారు. ఆమె తల ఊపింది. సందేహం మాత్రం పోలేదు.

ఆ గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు అది మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడింది.

రాజమహేంద్రవరం నుంచి కొవ్వూరు వెళ్ళే వంతెన. కొవ్వూరు చివరన రెయిలింగ్ పక్కన ఒక జత చెప్పులు. ఎడమ చెప్పులో సెల్‌ఫోన్.

మనిషి లేడు.

ఫోన్ మణిదీప్‌ది. ఇరవై మూడేళ్ళు. మెడికల్ ఏజెన్సీలో బిల్లింగ్ పని. తండ్రి అప్పాజీ ఆటో నడుపుతాడు. తల్లి వీరవేణి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఒక్కడే కొడుకు.

తెల్లారేసరికి జాలరి సత్తియ్య మనుషులు పడవలతో దిగారు. వంతెన కింద నుంచి దిగువకు వలలు లాగారు. మూడో రోజు ఎగువన వానలు పడి నీరు పెరిగింది. నాలుగో రోజు సత్తియ్య వల ఒడ్డున పడేసి కూర్చున్నాడు. అప్పాజీ మాత్రం లేవలేదు. అక్కడే, చెప్పుల జత ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు.

ఫోన్ ఆ సాయంత్రమంతా కొవ్వూరు వైపు టవర్ పరిధిలోనే ఉంది. వంతెన చివర కూడా ఆ టవర్ కిందకే వస్తుంది. కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

స్నేహితురాలు రమ్యశ్రీ మాత్రం ఒకటి చూపించింది. మణిదీప్, ఆమె, మరో ఇద్దరు ప్రతి ఆదివారం కలిసి ఒక ఆట ఆడతారు. ఆ ఆట సాఫ్ట్‌వేర్‌లో గురువారం రాత్రి 7:52కి మణిదీప్ తన పాత్రకున్న వస్తువులన్నీ మిగతావాళ్ళకు ఇచ్చేశాడు. కత్తి, కవచం, మంత్రదండం, అన్నీ.

"అన్నీ పంచేసి వెళ్ళిపోయాడండి," అని ఆ పిల్ల స్టేషన్లోనే ఏడ్చింది.

సీఐ చంద్రరావు ఫైలు మీద వేలు పెట్టాడు. "ఇంతకంటే ఏం కావాలమ్మా? సూసైడ్. క్లోజ్ చెయ్యి."

సూర్యకళ దగ్గర ఎదురు చెప్పడానికి ఏమీ లేదు.

* * *

పదో రోజు వీరవేణి స్టేషన్‌కు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించెయ్యమంటున్నారండి మా వాళ్ళు. దూకి పోయాడు కాబట్టి శాంతి కూడా చేయించాలంట. మా తోడికోడలైతే, 'ఇంట్లో ఏం తక్కువ చేశారే' అని అడిగిందండి. నలుగురి ముందు."

"అమ్మా, కూర్చో."

"మా వాడు దూకాడా మేడమ్‌గారూ? అదొక్కటి చెప్పండి. దూకాడంటే దూకాడని ఏడుస్తాను. ఏదీ తెలీకుండా ఎలా ఏడవను?"

సూర్యకళ ఫైలు మూసింది. జవాబు అందులో రాసి ఉంది. ఆ తల్లి మొహంలోకి చూసి చదవడానికి నోరు రాలేదు.

"ఆ రోజు ఏమైనా అన్నాడా?"

"మధ్యాహ్నం భోజనానికొచ్చి, ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించమన్నాడండి. ఆటకి వేసుకెళ్తానని. నాలుగింటికి వెళ్ళాడు. ఎక్కడికిరా అంటే, బొమ్మలు తియ్యాలి అన్నాడు."

"ఏం బొమ్మలు?"

"అడగలేదండి." వీరవేణి తలుపువైపు తిరిగింది. "అడగాల్సిందండి."

* * *

ఆ సాయంత్రమే సూర్యకళ రమ్యశ్రీ ఇంటికి వెళ్ళింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

"నాకు ఏమీ తెలియదనుకుని మొదటినుంచి చెప్పమ్మా."

"బల్ల చుట్టూ కూర్చుని ఆడతామండి. జానకిరామ్ సార్ గేమ్ మాస్టర్. ఆయన కథ చెప్తారు. కథలో మేం తలా ఒక పాత్ర. మణిదీప్ మంత్రగాడు. లెక్కలన్నీ ఈ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఎవరి సంచిలో ఏముంది, ఒంటిమీద ఏం తొడుక్కున్నారు, ఏ మంత్రాలు సిద్ధంగా ఉన్నాయి..."

"మంత్రాలు సిద్ధంగా ఉండటమేంటి?"

"ఎన్ని వచ్చినా ఒక ఆటకి ఆరే వాడాలండి. ఆ ఆరూ ముందే టిక్ పెట్టుకోవాలి."

"మా అత్తగారు నయం. అన్ని స్తోత్రాలూ ఒకే పూట చదివేస్తారు."

రమ్యశ్రీ నవ్వబోయి ఆగింది. మణిదీప్ పేజీ తెరిచింది. సంచి ఖాళీ. పక్కన మంత్రాల పట్టీ. ఆరింటికి టిక్ ఉంది.

"ఇవి ఎప్పుడు పెట్టాడు?"

"గురువారం... మూడున్నరకండి."

"ఏ ఆటకి?"

"ఆదివారానికి." రమ్యశ్రీ తెర దగ్గరకు వంగింది. "వీటిలో వైద్యం చేసేది ఒక్కటీ లేదు. పాపం, వాడికి పెట్టుకోవడానికి లేదు కదండీ. కంకణం ఉంది."

"ఏం కంకణం?"

"శాపం ఉన్నదండి. ఆరు నెలల క్రితం ఆశపడి తొడుక్కున్నాడు. అది చేతికి ఉన్నంతకాలం వైద్యం మంత్రాలు పనిచెయ్యవు. ఊడిరాదు కూడా. లాక్ వేసుంటుంది. 'ఇవ్వు' బటన్ నొక్కినా కదలదు. 'సార్, ఈ వారమైనా తీసెయ్యండి సార్' అని ప్రతి ఆదివారం గొడవే. సార్ నవ్వేసి, 'ఎవడు తొడుక్కోమన్నాడ్రా' అనేవారు."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"నా దగ్గరేనండి. నాకిచ్చినవాటితో పాటు అదీ ఇచ్చా..."

చప్పున తన పేజీ తెరిచింది.

సూర్యకళ నెమ్మదిగా అడిగింది. "కదలనిది నీ దగ్గరికి ఎలా వచ్చిందమ్మా?"

రమ్యశ్రీ తెరవైపే చూస్తోంది. "నేను చూళ్ళేదండి. అన్నీ ఇచ్చేశాడు అనే చూశాను. ఏ వస్తువు ఏంటని..."

"ఆ లాక్ తీయడం ఎవరి చేతిలో ఉంది?"

ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూసేసింది. "సార్ చేతిలోనండి," అంది.

* * *

ఆదివారం ఉదయం పది గంటలు. దానవాయిపేటలో రమ్యశ్రీ మేనమామ షాపు పైగది. వాళ్ళు ఎప్పుడూ ఆడుకునే బల్ల.

జానకిరామ్ వచ్చాడు. ముప్పై ఆరేళ్ళు. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. నాలుగో ఆటగాడు ప్రసన్నకుమార్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. వీరవేణిని సూర్యకళే తీసుకొచ్చింది. ఆమె ఒక మూల కూర్చుంది.

"గురువారం సాయంత్రం ఎక్కడున్నారు సార్?" సూర్యకళ అడిగింది.

"ఇంట్లోనేనండి. పేపర్లు దిద్దుతున్నాను."

"మణిదీప్ కలిశాడా?"

"లేదండి."

"ఫోన్ చేశాడా?"

"లేదు."

"ఆ రోజు మీరు ఆట సాఫ్ట్‌వేర్ తెరిచారా?"

జానకిరామ్ కొద్దిగా తడబడ్డాడు. "గుర్తు లేదండి."

"ఆ పిల్లాడు మూడున్నరకు ఆదివారానికి మంత్రాలు సర్దుకున్నాడు. చనిపోదామనుకున్నవాడు ఆ పని ఎందుకు చేస్తాడు?"

"మనసు ఎప్పుడు ఎలా మారుతుందో చెప్పలేం కదండీ."

"నిజమే. మారొచ్చు." సూర్యకళ ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పింది. "ఆరు మంత్రాల్లో వైద్యం ఒక్కటీ లేదు. అంటే ఆదివారానికి కూడా కంకణం చేతికే ఉంటుందని వాడు అనుకున్నాడు. రాత్రి 7:52కి అది రమ్యశ్రీ సంచిలో ఉంది. ఎలా వెళ్ళింది సార్?"

జానకిరామ్ ల్యాప్‌టాప్ వెనక్కి తోశాడు.

ప్రసన్నకుమార్ కిటికీ వదిలి ముందుకొచ్చాడు. "అది మణిదీప్ తియ్యలేడు మేడమ్. మేమెవరం తియ్యలేం. సార్ అకౌంట్ నుంచి..." తను ఏమంటున్నాడో అప్పుడు అర్థమై నోరు మూసుకున్నాడు.

"వాడే అడిగాడండి," అన్నాడు జానకిరామ్. "ఫోన్ చేసి అడిగాడు. పోనీలే అని తీశాను."

"ఫోన్ చెయ్యలేదన్నారు ఇప్పుడే. కాల్ లిస్టులోనూ లేదు."

జానకిరామ్ చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు.

"కొత్త కథకి మ్యాప్ గీద్దామనుకున్నాం. ముందు ఆదివారమే నేను రమ్మన్నాను. వంతెనకి ఎగువన, కొవ్వూరు వైపు ఏటి మధ్యలో ఒక లంక ఉంది. దాన్ని ఫొటోలు తీద్దామని. రేవులో చిన్న పడవ కట్టి ఉంది. ఎవరినీ అడగలేదు. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు ఫోన్, చెప్పులు నా బ్యాగులో పెట్టాడు, తడుస్తాయని. సుడి దగ్గర పడవ ఒరిగింది. బ్యాగు నా భుజానికి ఉంది. నేను పడవ పట్టుకున్నాను. వాడు..."

"ఈత రాదండి మా వాడికి," అంది వీరవేణి మూలనుంచి.

"నాకూ రాదమ్మా."

"అరవొచ్చు కదా?" సూర్యకళ గొంతు మొదటిసారి పెరిగింది.

"అరిచాను. ఎవరూ లేరు. ఒడ్డుకు ఎలా వచ్చానో తెలీదు. తరవాత భయం వేసింది. పడవ దొంగతనంగా తీసుకెళ్ళాను. పిల్లాణ్ణి తీసుకెళ్ళి చంపాడంటారనుకున్నాను. ఉద్యోగం, పిల్లలు... వాడి ఫోన్ పాటర్న్ మాకందరికీ తెలుసు. వాడే పంచేసినట్టు అన్నీ పంచాను. తరవాత వంతెన మీద పెట్టి వచ్చేశాను."

"కంకణం వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకు తీశారు?"

జానకిరామ్ తలెత్తాడు.

"అన్నీ వెళ్ళాయండి. అదొక్కటి ఊడి రాలేదు. వదిలెయ్యాలని తెలుసు. చెయ్యి రాలేదు. ఆరు నెలలు బతిమాలాడు మేడమ్. నవ్వాను. పోయాక కూడా వాడికి శాపం ఉంచనా? నా ఫోన్ తీసి లాక్ విప్పేశాను."

రమ్యశ్రీ మొహం చేతుల్లో దాచుకుంది.

"దూకలేదు," అంది వీరవేణి. ఎవరితోనూ కాదు. "మా వాడు దూకలేదు." తరవాత లేచి జానకిరామ్ ముందుకు వచ్చింది. "పాఠాలు చెప్తావంట కదా నాయనా. ఆ రాత్రే ఇక్కడ పోయాడని ఒక్క మాట చెప్పుంటే, నా బిడ్డ నాకు దొరికేవాడు కదా?"

వంతెన మీంచి దూకినవాడి కోసం ఎగువన ఎవరు వెతుకుతారు?

జానకిరామ్ ఏదో అనబోయాడు. ఆమె వినకుండా వెనక్కి తిరిగింది.

* * *

మధ్యాహ్నానికల్లా పడవలు ఎగువకు వెళ్ళాయి. సత్తియ్య గడకర్ర దింపి చూశాడు. మళ్ళీ దింపాడు.

"ఇక్కడ ఇసక తవ్విన పెద్ద గుంట ఉండేదమ్మా. పడ్డోడు అందులోనే ఉండిపోతాడు."

"ఇప్పుడు?"

"మొన్న వచ్చిన నీటికి పూడిపోయింది. ఆ మర్నాడు పొద్దున్నే చెప్పుంటే పైకి తీసేవోళ్ళం. ఇప్పుడు ఏ ఇసక కింద అని చూస్తాం?"

"రేపు కూడా చూద్దాం."

"ఆయ్, చూద్దాం. మీరన్నారని చూద్దాం."

రెండు రోజులు చూశారు. ఏమీ దొరకలేదు.

జానకిరామ్‌ను అరెస్టు చేశారు. నిజం దాచినందుకు, తప్పుడు సాక్ష్యం పుట్టించినందుకు కేసు. ఎంత శిక్ష పడుతుందని అప్పాజీ అడిగాడు. పెద్దగా పడకపోవచ్చని సూర్యకళ చెప్పింది. అప్పాజీ కోప్పడలేదు. అలాగేనండి అన్నాడు. ఆ మాటకే ఆమెకు తల ఎత్తలేనట్టయింది.

ఫైలులో సూసైడ్ అన్న మాట కొట్టించి, ప్రమాదం అని రాయించింది. ఆమె చేయగలిగింది అంతే.

* * *

కర్మకు ఒప్పుకున్నానని వీరవేణి కబురు చేసింది. దర్భలతోనే. శాంతి అక్కర్లేదని పంతులుగారు కూడా అన్నారట.

ముందురోజు సాయంత్రం సూర్యకళ వెళ్ళేసరికి రమ్యశ్రీ, ప్రసన్నకుమార్ ఆ ఇంట్లోనే ఉన్నారు. కుట్టుమిషను మీద ల్యాప్‌టాప్‌లో మణిదీప్ అకౌంట్ తెరిచి ఉంది.

"ఏం చేస్తున్నారు?"

"వాడి సామాన్లు వాడి సంచిలో పెట్టేశామండి," అన్నాడు ప్రసన్నకుమార్. "వాడిచ్చినవి కాదు కదా. మేమెలా ఉంచుకుంటాం?"

వీరవేణి కళ్ళజోడు సర్దుకుని తెరమీద ఒక్కో వస్తువూ చూస్తోంది. కొడుకు బీరువా చూస్తున్నట్టుగా.

"ఇదేంటమ్మా, సీసా?"

"సంజీవని అండి. పోయే ప్రాణం నిలబెడుతుంది." రమ్యశ్రీ తల దించుకుంది. "నిజానికి రెండేళ్ళ కిందట వాడి పాత్ర చచ్చిపోబోతుంటే నాదే ఇచ్చాను. వాడేసుకున్నాడు. ఇంకోటి సంపాదించి ఇస్తానన్నాడు. సంపాదించాడు కూడా. ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా అని ఏడిపించేవాడండి. పిసినారి ఎదవ."

అనేసి నాలిక కరుచుకుంది. వీరవేణి చిన్నగా నవ్వింది. ఇన్ని రోజుల్లో అదే మొదలు.

"పిసినారే. చిన్నప్పట్నుంచీ అంతే." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎలా ఇవ్వాలి?"

"వద్దండీ, ఊరికే అన్నాను..."

"రేపు వాణ్ణి సాగనంపుతున్నానమ్మా. నీ బాకీ ఉంచి పంపను. ఎక్కడ నొక్కాలో చెప్పు."

రమ్యశ్రీ చూపించింది. వీరవేణి 'ఇవ్వు' బటన్ మీద వేలు పెట్టింది. తరవాత నొక్కింది.

సీసా బొమ్మ ఆ సంచిలోంచి మాయమైంది. కింద ఒక వాక్యం వచ్చింది. సూర్యకళ వంగి, ఆ తల్లికి వినపడేలా చదివింది.

"మణిదీప్ రమ్యశ్రీకి సంజీవని ఇచ్చాడు."