నిక్కచ్చి వనిత

తేమ మీటర్లో పద్దెనిమిది శాతం కనబడగానే, వడ్లు పరీక్షించే వనిత తల అడ్డంగా ఊపింది.

“పదిహేడు దాటితే తీసుకోం. ఇంకో దినం ఆరబెట్టు అన్నా.”

బీర్కూర్ పక్క తండా నుంచి బాన్సువాడ కొనుగోలు కేంద్రానికి వడ్లు తెచ్చిన సంతోష్‌కు ఒళ్లు మండింది. రెండోసారి వెనక్కి కొట్టడం ఒకటి, అంత అందగత్తె ‘అన్నా’ అని పిలవడం ఇంకోటి.

“ఒక్క పాయింటే గదా మేడం! జర అడ్జస్ట్ చేయరాదు?”

“చేయరాదు.”

పక్క కుప్ప దగ్గరున్న రైతు పండరి నవ్వాడు. “గా పిల్ల నిక్కచ్చి మనిషి. పెట్టుకోకు.”

హాస్టల్లో ఇంగ్లిష్ మీడియం చదివిన సంతోష్‌కు ఆ మాట మంచి తిట్టులా వినిపించింది. వెంటనే ఫిర్యాదు రాసి, కింద పేరు పెట్టి, కేంద్రంలోని ఫిర్యాదుల పెట్టెలో వేశాడు: ‘సార్, వనిత చాలా నిక్కచ్చి. ఎంత బతిమాలినా వినదు. వెంటనే చర్య తీసుకోగలరు.’

సాయంత్రం కేంద్రం ఆవరణలోనే ఆరబోసిన వడ్ల మీద వాన దూకింది. వనితే పరుగెత్తుకొచ్చి టార్పాలిన్ ఒక కొస పట్టింది. సంతోష్ రెండో కొస పట్టి, తడిసిన ఆమె ముఖం చూస్తూ కొస వదిలేశాడు.

“వడ్లు చూడు, నన్ను కాదు!”

మర్నాడు ఆమే పార పట్టి వడ్లు తిరగేసింది. మూడో రోజు మీటర్లో పదహారు వచ్చింది. సంతోష్‌కు ఇంటికి పోవాలనిపించలేదు.

అప్పుడే ఆఫీసర్ జీపు దిగాడు. చేతిలో అదే కాగితం.

“సంతోష్ ఎవరు? శెభాష్! నిక్కచ్చి అంటే రూల్ తప్పదు, మొహమాటపడదు, పని సగంల ఇడ్వదు. మా వాళ్లను ఎవరూ గింత మెచ్చుకోలే. చర్య తీసుకున్నం. వనితను రేపే డోంగ్లి సెంటర్‌కు ఇన్‌చార్జిగ పంపుతున్నం!”

వనిత కళ్లు మెరిశాయి. “నువ్వు రాసినవా?”

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. “తిడదామని రాసిన. గా మాటకు అర్థం తెల్వదు. ఇప్పుడు నువ్వు పోతే నేను ఆగమైత వనితా.”

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నేల చూపులు చూసింది. “ఆదివారం మా బాపుతోని మాట్లాడు.”

ఆదివారం ఆమె తండ్రి దేవ్‌సింగ్ మొదట గోత్రం అడిగాడు, తర్వాత చదువు, పొలం, తాగుడు. డ్రైవింగ్ లైసెన్సు కూడా తెప్పించుకుని, తేదీ చూసి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. రెండు గంటలు గడిచేసరికి సంతోష్ చొక్కా చెమటతో తడిసిపోయింది.

“పోరడు మంచోడే. సీజన్ అయినంక మీ పెద్దోళ్లను తోలుకరా.”

తలుపు వెనకాల చాయ్ గ్లాసులు గలగలమన్నాయి. వనిత బయటికి వచ్చేసరికి సగం చాయ్ పళ్లెంలోనే ఉంది. సంతోష్ ఆ పళ్లెమే ఎత్తుకుని తాగేశాడు.