ఇమాద్ వినే గొంతు

"వింగ్ కమాండర్ శ్రీపతిని చంపేశారు. కాఫీలో సైనైడ్." ఫోన్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్ ద్వారకానాథ్ గొంతు పొడిగా ఉంది. "నెక్స్ట్ టార్గెట్ ఆయన స్టూడెంట్లే. కనిపెట్టుకుని ఉండు."

ఆ స్టూడెంట్లు జరానియా దేశపు పైలట్లు. సైన్యంలో ఒక ముఠా దేశాన్ని చేజిక్కించుకుంటే ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చారు. అక్కడ యుద్ధం సాగుతుండగా, 1999 చలికాలంలో, అడిలైడ్ శివార్లలో వాళ్లకి రహస్యంగా ట్రెయినింగ్. ఫోన్ అందుకున్న ఏజెంట్ ఖలీద్ వై2కె కంప్యూటర్ కన్సల్టెంట్ వేషంలో అక్కడి మాసన్ లేక్స్‌లో దిగింది వాళ్ల కాపలాకే.

కుర్రాళ్లకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. రన్‌వే పక్కన వ్యాన్‌లో కూర్చుని, టవర్ మాటలు రేడియోలో వాళ్ల భాషలో చెప్పేది అఫీఫా. హైదరాబాద్‌లో చదువుకుంది, తెలుగు గలగలా మాట్లాడేది. ఆమె నవ్వితే ఖలీద్ తన కోడ్ నేమ్ కూడా మరిచిపోయేవాడు.

ఆ ఉదయం కుర్రాళ్లలో ఒకడైన ఇమాద్ ఒంటరిగా గాల్లో ఉండగా ఉన్నట్టుండి పొగమంచు కమ్మింది. అఫీఫా వ్యాన్ రన్‌వే దగ్గర లేదు. ఖలీద్ వెతుక్కుంటూ వెళ్తే కొండ మీద కనిపించింది. తలుపు తీయగానే అఫీఫా చేతిలోని సూది మెడలో దిగింది. కాళ్లూ చేతులూ చచ్చుబడి కూలబడ్డాడు. నోరొక్కటే ఆడుతోంది.

వ్యాన్‌లో దొంగ బీకన్ పనిచేస్తోంది. దాని సిగ్నల్‌ని రన్‌వే అనుకుని ఇమాద్ నేరుగా కొండ మీదికే దిగుతున్నాడు.

"క్లైంబ్! క్లైంబ్!" రేడియోలో టవర్ అరుస్తోంది. ఆ కంగారు ఇంగ్లీష్ ఇమాద్‌కి ఎక్కట్లేదు.

"శ్రీపతి సార్‌కి కాఫీ ఇచ్చింది నువ్వేనా?" అన్నాడు ఖలీద్.

"నేనే. మా తమ్ముడు ఆ ముఠా జైల్లో ఉన్నాడు. చెప్పింది చేస్తే వదులుతారట."

"నమ్మినవా?"

"నమ్మక ఏం చెయ్యను?"

రేడియోలో ఇమాద్ తన భాషలో ఏదో అరిచాడు.

"ఏమంటుండు?" అన్నాడు ఖలీద్.

"ఏమీ కనిపించట్లేదక్కా, నువ్వే దారి చెప్పు అంటున్నాడు."

మైకు జానెడు దూరంలో ఉంది. అందినా ఖలీద్‌కి ఆ భాష రాదు. "నీ కాళ్లు మొక్కుతా అఫీఫా, ఒక్క మాట చెప్పు!"

ఇంజన్ మోత నెత్తి మీదికి వచ్చేసింది. అఫీఫా కళ్లు మూసుకుంది. మైకు నొక్కి ఒకే ఒక్క మాట అరిచింది. వ్యాన్ కప్పు దద్దరిల్లింది. చెట్ల కొమ్మల్ని రాసుకుంటూ విమానం పైకి లేచిపోయింది.

ఆమె పారిపోలేదు. తమ్ముడి పేరు తలుచుకుని ఏడుస్తూ కూర్చుండిపోయింది. ఓదార్చడానికి గానీ బేడీలు వేయడానికి గానీ ఖలీద్‌కి చెయ్యి లేవలేదు.

సాయంత్రం ఆసుపత్రికి ద్వారకానాథ్ వచ్చాడు. "ఇమాద్ క్షేమం. కంగ్రాచ్యులేషన్స్."

"ఆమె తమ్ముడు, సార్?"

"మన చేతుల్లో ఏముందయ్యా?"

"నేనైతే ఏం చెయ్యలేదు సార్. పడున్నా, అంతే."

"ఆ ముక్క రిపోర్ట్‌లో రాయకు," అన్నాడు ద్వారకానాథ్. "నీ పేరు మెడల్‌కి రికమెండ్ చేసేశాను."