జవాబు చెప్పని మాస్టారు

"గ్లాసు నిండా నీళ్లు, అందులో తేలుతూ ఐసు ముక్క. ఐసు కరిగితే నీళ్లు పొర్లుతాయా?"

బోర్డు మీద ఈ ప్రశ్న రాసి, "ఆలోచించండి" అని చక్కా పోయాడు ఫిజిక్స్ మాస్టారు. తరువాతి పీరియడ్ లెక్కల టీచరుది. ఆమె సమీకరణాలు వినే నాథుడేడి? తొమ్మిదో తరగతి రెండు జట్లుగా చీలి జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చింది.

ఆమెకు ఒళ్లు మండి సరాసరి ల్యాబ్‌కి వెళ్లింది.

"ఆ జవాబేదో చెప్పేసి పుణ్యం కట్టుకోండి సార్! ఈ వారంలో మీరు మింగేసిన మూడో పీరియడ్ ఇది."

"చెప్పేస్తే ఆలోచించడం మానేస్తారండీ. ఇంతకీ మీరేమంటారు, పొర్లుతాయా?"

"నా తలకాయంటాను!"

ఇంత విసిగించే మనిషినే ఆమె ప్రేమించింది, ఖర్మ. వెనక బెంచీ పిల్ల తప్పు చెప్పినా, "అలా ఎందుకనుకున్నావు తల్లీ?" అంటూ పక్కన కూర్చుని వింటాడు. అక్కడే పడిపోయింది ఆమె. ఆరు నెలలుగా స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర ఇద్దరూ కలిసే టీ తాగుతున్నారు. ఆయన చూపులు బోలెడు చెబుతాయి. నోరు మాత్రం పెగలదు.

ఆ శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది. మంచి సంబంధమట, సాయంత్రంలోగా అవునో కాదో తేల్చి చెప్పాలట.

బడి వదిలాక వాన పట్టుకుంది. ఇద్దరే వరండాలో చిక్కుకున్నారు. ఆమె విషయం చెప్పేసి, "ఏం చెప్పమంటారు?" అని అడిగింది.

ఆయన ముఖం పాలిపోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది!

"మీకేమనిపిస్తోందండీ?"

"బాబోయ్! నేనేమైనా తొమ్మిదో తరగతా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీరు జవాబు చెప్పలేరా?"

"నేను చెబితే మీ ఆలోచనకి అడ్డొచ్చినట్టవుతుందని..."

"నా ఆలోచన అయిపోయి ఆరు నెలలైంది మహానుభావా! మీ కోసమే కూర్చున్నాను."

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"వద్దని చెప్పండి. నన్ను చేసుకోండి."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెంటనే అమ్మకు ఫోన్ కలిపి, ఆ రెండు ముక్కలూ చెప్పి, ఆయన చేతిలో పెట్టింది. "మాట్లాడండి. మా అమ్మని ఎదురు ప్రశ్నలడిగారో, చంపేస్తాను!"

అవతల అమ్మ గట్టిగా నిట్టూర్చింది.

"దానికి ముక్కు మీద కోపం బాబూ. జీవితమంతా భరించగలవా?"

"భరిస్తానండీ" అన్నాడు ఫిజిక్స్ మాస్టారు, ఒక్క క్షణమైనా ఆలోచించకుండా.