రిమ్ము వంకర, రాకకు వంక

"మళ్లీ మీరేనా?"

పానా పట్టుకున్న చెయ్యి నడుం మీద పెట్టి అడిగింది, రిమ్ములు సరిచేసే మేస్త్రి గారి కూతురు.

"నేనే," అంటూ కారు దిగాడు కుర్రాడు, ఫస్ట్ ర్యాంకు వచ్చినవాడిలా నవ్వుతూ.

"ఈసారి ఏ గుంత?"

"అదేనండీ, పోస్టాఫీసు ముందుది."

"బస్సులే దాన్ని తప్పించుకుపోతున్నాయి. మీ కారొక్కటే ఎందుకు దిగుతుందండీ అందులోకి?"

"వాననీళ్లు నిండిపోయి కనబడలేదు."

"నిన్నట్నించీ ఎండ కాస్తోందిగా?"

"ఆ ఎండకే కళ్లు చెదిరాయండీ."

నవ్వు దాచుకోవడానికి ఆమె చక్రం మీదికి వంగింది.

షాపులో ఈ కుర్రాడి పేరు 'గుంతల సారు'. మొదటిసారి నిజంగానే గుంతలో పడ్డాడు. రిమ్ము బాగు చేయించుకోవడానికి వచ్చి, ఏ జాకీతోనూ పైకి లేపలేని చోట పడ్డాడు. అప్పట్నించీ చక్రానికి వంకర వస్తేనే అతనికి వంక దొరికేది. మనసులో మాట మాత్రం గొంతు దగ్గరే పంక్చరయ్యేది.

అతని కారువి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా కొంతదూరం పరుగెత్తే ఘనులు. కానీ వాటి పక్కలు పలకల్లా బిగుసుకుని ఉంటాయి. గుంతలో పడితే దెబ్బ తాము తినకుండా తిన్నగా రిమ్ముకే వడ్డిస్తాయి.

ఎప్పుడూ వెనక షెడ్డులో వెల్డింగు చేసుకునే మేస్త్రి ఆ రోజు ముందుకొచ్చాడు. టైరు మీద ఒక్క చరుపు చరిచాడు.

"బాబూ, ఇవి తీసేసి మామూలు టైర్లు వేసుకో. పక్కలు మెత్తగా ఉంటాయి, కుదుపంతా అవే మింగేస్తాయి. డిక్కీలో ఒక స్టెప్నీ పడేసుకో. ఇక మా గుమ్మం తొక్కే పనే ఉండదు నీకు."

కుర్రాడి మొహంలో గాలి మొత్తం పోయింది.

"వద్దండీ! నాకు... గట్టి టైర్లే ఇష్టం."

"నడుం విరుగుతుందయ్యా!"

"నా నడుమే కదండీ, విరగనివ్వండి."

మేస్త్రికి మొహమాటం తెలియదు. మాట్లాడుతూనే పాతవి ఊడదీసి, రిమ్ము సరిచేసి, కొత్తవి బిగించేశాడు. కుర్రాడు ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే బిగిసిన నట్టును మళ్లీ బిగిస్తోంది. నోరు తెరిచాడు. "థ్యాంక్సండీ" అన్నదొక్కటే బయటికొచ్చింది. కారు మెత్తగా, కడుపు మండేంత మెత్తగా వెళ్లిపోయింది.

మేస్త్రి కూతురి వైపు తిరిగాడు.

"రన్‌ఫ్లాట్ బండి రాగానే టైర్లు మార్చుకోమని చెప్పాకే పానా పట్టాలని కదమ్మడూ మన పద్ధతి? ఇన్నిసార్లు వచ్చాడు, చెప్పలేదా?"

"మర్చిపోయా నాన్నా."

"టాక్సీ ఆయనకి చెప్పావు. డాక్టరు గారికి చెప్పావు. ఈయన దగ్గరే మతిమరుపా?"

ఆమె రోడ్డు వైపు చూసింది. ఇక రాడు. రావడానికి కారణమే లేకుండా నాన్న చేతులారా చేసేశాడు.

మర్నాడు సన్నగా జల్లు పడుతుండగా అదే కారు షాపు ముందు ఆగింది.

ఆమె గబగబా వెళ్లి చక్రాలన్నీ తడిమి చూసింది. ఒక్క గీత కూడా లేదు.

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదు."

"మరెందుకొచ్చారు?"

అతను తడుస్తూ నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "మీకోసం. మొదట్నించీ మీకోసమేనండీ. ఆ గుంతలోకి కావాలనే దించేవాణ్ని."

"తెలుసు."

"తెలుసా!"

"టైర్లు మార్చుకోమని మొదటి రోజే చెప్పాలి. నేనూ కావాలనే చెప్పలేదు."

కుర్రాడు నోరు వెళ్లబెట్టాడు. "అంటే... ఇన్నాళ్లూ నా నడుం..."

"సారీ," అంది, పెదవి కొరుక్కుని.

"నడుం సంగతి నిదానంగా చూసుకోండి," అని వెనక షెడ్డులోంచి మేస్త్రి గొంతు వినిపించింది. "బాబూ, ముందు మీ అమ్మానాన్నల్ని తీసుకురా. టైర్లు ఎలాగూ మెత్తనివేగా, పెద్దవాళ్లకి కుదుపు ఉండదు."